చూసినవారు

ఆదివారం పొద్దున్న ఆరుంబావుకల్లా యూనివర్సిటీకి తార్నాక వైపున్న గేటు దగ్గర పదకొండు మంది పోగయ్యారు. మంకీ టోపీలు ఏడు, మఫ్లర్లు మూడు, బైనాక్యులర్లు ఆరు, రిజిస్టరు ఒకటి. రిజిస్టరు శ్యామలాంబగారి చేతిలో ఉంది. ముప్పయ్యేళ్లుగా చలికాలం వచ్చిందంటే ఆదివారాలు అది ఆవిడ చేతిలోనే ఉంటుంది. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంకెవరికిచ్చినా కోడి గీకినట్టు గీకుతారని శశిభూషణ్‌గారు మొదటి ఏడే తేల్చేశారు. అలా తేల్చేశారు కాబట్టి ఆవిడ ఇన్నేళ్లలో తల వంచుకుని రాసిందే గానీ తలెత్తి చూసింది తక్కువ. ఎవరో "అదిగో!" అంటారు. అందరి తలలూ పైకి లేస్తాయి, ఈవిడ తల కిందికి దిగుతుంది.

శశిభూషణ్‌గారు జువాలజీ ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. పక్షి పరిశీలకుల సంఘం పెట్టింది ఆయన, రూల్సు చెప్పింది ఆయన. రిజిస్టర్లో మూడే గళ్లు: పక్షి, చోటు, చూసినవారు. ఏ పిట్టనైనా ఆ రోజు అందరికంటే ముందు ఎవరు చూస్తే వాళ్ల పేరు మూడో గడిలో ఎక్కుతుంది. నడక అయ్యాక కుంటగట్టు మీదున్న చదును బండ మీద అందరూ చతికిలబడతారు, ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుంటారు, ఆయన లేచి నిలబడి రిజిస్టరు గట్టిగా చదువుతారు. ఒక్కో పేరుకీ చప్పట్లు. ఆ చప్పట్ల కోసం డెబ్భై ఏళ్లవాళ్లు చిన్నపిల్లల్లా దెబ్బలాడుకుంటారు. "పాలపిట్టని ముందు నేను చూశానండీ!" "మీరు చూసింది పాలపిట్టని కాదు మాస్టారూ, కరెంటు తీగని!"

ఆ వారం బండ మీద కూర్చోగానే అక్షర చెయ్యెత్తింది. ఎమ్మెస్సీ రెండో ఏడు పిల్ల, జనగామ వైపు. సంఘానికి ముప్పయ్యేళ్లు నిండాయని పుస్తకం వేస్తున్నారు. దానికోసం తొమ్మిది పాత రిజిస్టర్లనీ లాప్‌టాప్‌లోకి ఎక్కించే పని ఆ పిల్ల నెత్తిన పడింది.

"సార్, మొత్తం ఎక్కించిన. అందరికంటె ఎక్కువ పిట్టల్ని ముందుగాల చూసింది ఎవరో చెప్పుకోండ్రి."

అందరూ శశిభూషణ్‌గారి వైపు చూశారు. ఆయన అబ్బే, నాదేముంది అన్నట్టు మఫ్లరు సర్దుకున్నారు.

"మీరు కాదు సార్. మీది సెకండు, తొంభై ఆరు. ఫస్టు వచ్చింది 'ఇతరులు'. నూట నలభై మూడు!"

ఒకటే నవ్వులు. టీ పొలమారినంత పనైంది ఒకాయనకి. అక్షర మాత్రం నవ్వకుండా శ్యామలాంబగారి వైపు తిరిగింది.

"నిజంగ మేడం, ఎవరీ ఇతరులు? రెండు వేల పన్నెండు దాకా ప్రతి ఏడు ఉన్నరు. తర్వాత ఒక్కసారి గూడ లేరు. చచ్చిపోయిండ్రా ఏంది?"

శ్యామలాంబగారి కలం 'పికిలిపిట్ట' దగ్గర ఆగిపోయింది. ముప్పయ్యేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈ పిల్లే. ఆవిడకి చెవులు వేడెక్కాయి.

"సభ్యులు కానివాళ్లమ్మా," శశిభూషణ్‌గారు అందుకున్నారు. "దారిన పోయేవాళ్లు, సెక్యూరిటీవాళ్లు, ఎవరో ఒకరు. పేరు లేని పరిశీలన పరిశీలనే కాదు, తీసెయ్ అవి. లేదంటావా, నా పేరున వేసెయ్. పర్లేదు. గుర్తుపట్టి పేరు చెప్పింది నేనేగా! వచ్చే సోమవారం పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోవాలి."

ఆ 'పర్లేదు' ఎంత ఉదారంగా అన్నారంటే, ఏదో త్యాగం చేస్తున్నారేమో అనిపించింది అందరికీ. ఆయన రిజిస్టరు అందుకుని చదవటం మొదలుపెట్టారు. చప్పట్లు మోగుతున్నాయి. శ్యామలాంబగారు మాత్రం బండ కింద, ఎవరూ లేని చోటు చూస్తూ ఉండిపోయింది. ఒకప్పుడు టెలిస్కోపు స్టాండు పక్కన అక్కడో మనిషి నిలబడేవాడు. జువాలజీ అటెండరు సామేలు. 'చూసినవారు, ఇతరులు' అని శశిభూషణ్‌గారు చదివినప్పుడల్లా చప్పట్లు ఆగేవి, అతను గబుక్కున వంగి స్టాండు బెల్టు బిగించుకునేవాడు. బెల్టు బిగించే ఉండేది. అయినా వంగేవాడు. ఆవిడ ప్రతిసారీ చూసేది.

*

మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. తార్నాకలో రెండో అంతస్తు ఫ్లాటు, ఎండ బాల్కనీలోకి సగం దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ చాప వేసుకుని తొమ్మిది రిజిస్టర్లూ చుట్టూ పరుచుకుంది. అక్షర సగం తీసుకెళ్లి నిన్ననే తిరిగిచ్చింది. అట్టల మీద టీ మరకలు. ఓ పేజీలో ఎప్పటిదో సీతాఫలం ఆకు, ముట్టుకుంటే పొడైపోయింది. ఇంకో పేజీలో అక్షరాలు వంకర్లు పోయాయి. ఆ ఆదివారం ఎంత చలంటే వేళ్లు పట్టుతప్పి కలం రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ సామేలే తీసిచ్చాడు, "అరచేతులు రుద్దుకోండ్రి మేడం," అంటూ. అప్పుడు ఆవిడకి నలభై మూడేళ్లు. మొదటి రోజు వచ్చిన పధ్నాలుగు మందిలో ఇప్పుడు ముగ్గురే మిగిలారు. ఆ పేర్లన్నీ ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి, చూసినవారి గడిలో, చప్పట్లు కొట్టించుకుని. పోయినవాళ్లు కూడా ఉన్నారు. బతికున్న సామేలే లేడు.

ఎంత బాగుండేవండీ ఆ పొద్దుటి వేళలు! మంచులో మౌలాలి గుట్ట లేత నీడలా కనపడేది. రాళ్ల మధ్య గడ్డి తడిసి చీర అంచులు బరువెక్కేవి. సామేలు ముందు నడిచేవాడు, చెప్పుల చప్పుడు కూడా లేకుండా. ఉన్నట్టుండి ఎడం చెయ్యి వెనక్కి చాపి అరచెయ్యి కిందికి తిప్పేవాడు, ఆగమని. పన్నెండు మందీ ఊపిరి బిగబట్టేవారు. అతను వేలు చూపించడు. గడ్డం చిన్నగా ఎత్తి చూపించేవాడు, వేలు చూపిస్తే పిట్ట లేచిపోతుందని.

ఆ గడ్డం ఎత్తడం తలుచుకోగానే ఆవిడకి ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని కూర్చుంది.

సాయంత్రం అక్షర వచ్చింది, చేతిలో మిర్చీ బజ్జీల పొట్లం.

"అక్షరా, ఇతరులంటే ఎవరో కాదమ్మా. ఒక్కడే మనిషి. సామేలని, మీ డిపార్ట్‌మెంటులో అటెండరు. పన్నెండులో రిటైరయ్యాక రావటం మానేశాడు."

బజ్జీ నోటిదాకా వెళ్లి ఆగింది. "ఒక్కడేనా! నూట నలభై మూడు? మరి పేరు ఎందుకు రాయలే మేడం?"

"లెక్చరర్లు, ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలవాళ్లే సభ్యులు. సభ్యుల పేర్లే రాయాలని రూలు. అతను డ్యూటీ మీద వచ్చేవాడు."

"గదేం రూలు! ఎవరు రాసిండ్రు?"

"సార్ చెప్పారు." ఆవిడ ఒళ్లో రిజిస్టరు మూసింది. "నేను రాశాను."

ఆ పిల్ల చేతిలో బజ్జీని మళ్లీ పొట్లంలో పెట్టేసింది. ఏమైనా అన్నా బాగుండేది. బజ్జీలు చల్లారిపోయాయి.

*

సోమవారం శశిభూషణ్‌గారికి ఫోన్ చేసింది. ఆయన విసుక్కున్నారు. "చూడటం వేరు, గుర్తించటం వేరు శ్యామలాంబగారూ. కాకి కూడా చూస్తుంది. సరే, అన్నీ సామేలే చూశాడని ఆధారం ఏమిటి?"

"నేను రాశానుగా. నాకు తెలుసుగా."

"మీకు తెలిస్తే సరా? పుస్తకమండీ ఇది! నలుగురూ చదివేది. వాణ్ణే రమ్మనండి ఆదివారం. అవన్నీ నావే అని బండ మీద అందరి ముందూ చెప్పమనండి. చెప్తే అప్పుడు ఆలోచిద్దాం. లేకపోతే సోమవారం ఆ నూట నలభై మూడూ ఎగిరిపోతాయి, అంతే."

ఫోన్ పెట్టేశాక ఆవిడ మళ్లీ రిజిస్టర్ల ముందు కూర్చుంది. ఇన్నేళ్లలో ఆయన మాటకి ఎదురు మాట్లాడటం ఇదే మొదలు.

బుధవారం అక్షరని వెంటబెట్టుకుని మాణికేశ్వర్ నగర్ వెళ్లింది. క్యాంపస్ గోడకి ఆనుకున్న బస్తీయే, కానీ శ్యామలాంబగారు ఎన్నడూ లోపలికి అడుగుపెట్టలేదు. ఇరుకు సందులు. ఆటో మధ్యలోనే ఆగిపోయింది. సామేలు ఇల్లు అడిగితే ఓ కుర్రాడు "పిట్టల తాతదా?" అని దారి చూపించాడు.

గుమ్మంలో సామేలు భార్య అమృతమ్మ చేటలో చిక్కుడుకాయలు తుంచుతోంది. వాళ్లని చూసి చేట పక్కన పెట్టి లేవబోయింది. లోపల్నుంచి సామేలు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, కంటి ఆపరేషను తాలూకు నల్లద్దాలు. ఆవిడ గొంతు వినగానే గుర్తుపట్టాడు.

"శ్యామలమ్మ మేడం! రాండ్రి, రాండ్రి. గీడ కూసోండ్రి." భుజం మీద తువ్వాలుతో ప్లాస్టిక్ కుర్చీ రెండుసార్లు తుడిచాడు. "మేడం, ఈయేడు పసుపు జిట్టంగి పిట్టలు ఒచ్చినయా? కుంటల నీళ్లున్నయా?"

ఆవిడకి కుర్చీలో కూర్చోవటం కూడా కష్టమైంది. "వచ్చాయి సామేలూ. ముందు నా మాట విను. నేను నీకు పెద్ద తప్పు చేశాను."

"అయ్యో, గట్లంటరేంది మేడం!"

విషయమంతా చెప్పింది. పుస్తకం సంగతి, ఇతరుల సంగతి, శశిభూషణ్‌గారి మాట. సామేలు నల్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుస్తూ విన్నాడు, తుడిచిందే తుడుస్తూ. చివరికి "చదువుండ్రి మేడం," అన్నాడు.

ఆవిడ ఒక్కొక్కటే చదివింది. అక్షర లాప్‌టాప్‌లో టిక్కు పెడుతోంది.

"తోకపిగిలి పిట్ట. తొంభై ఎనిమిది డిసెంబరు. నీళ్లట్యాంకు వెనక."

"నాదే. తెల్లతోకది. ఆ దినం సార్ కొత్త బూట్లేసుకొచ్చిండు, జారి పడ్డడు."

"లకుముకి పిట్ట. మెట్లబావి దగ్గర."

"నాదే. నోట్ల చేపున్నది."

ఒక్కో పిట్టకీ ఒక్కో కబురు. అక్షర పకపకా నవ్వుతోంది. అమృతమ్మ మళ్లీ చేట ముందుకు లాక్కుని చిక్కుడుకాయలు తుంచుతూ పెదాల్లో నవ్వుకుంటోంది. మూడో రిజిస్టరు సగంలో శ్యామలాంబగారి గొంతు ఉత్సాహంగా లేచింది. సంఘానికి పేరు తెచ్చిన పిట్ట అది. పట్టపగలు ఎండుటాకుల్లో ఆకులాగే పడుకుని ఉండే పిట్ట, ఎంత వెతికినా మనుషుల కంటికి ఆనదు. శశిభూషణ్‌గారు దాని గురించి ఇంగ్లీషు పేపర్లో కూడా రాశారు.

"నైట్‌జార్. రెండు వేల ఒకటి జనవరి. కుంటగట్టు కింద, తంగేడు పొదల దగ్గర."

సామేలు అమృతమ్మ వైపు చూశాడు. చేటలో తుంచే చప్పుడు ఆగిపోయింది.

"రాసుకోండ్రి మేడమ్మ, ఆయనదే," అంది అమృతమ్మ, తలెత్తకుండా.

"నాది కాదు," అన్నాడు సామేలు. "అది ఈమెది."

"ఊకో నువ్వు!"

"నువ్వూకో. ఇన్నేండ్లు ఊకున్నది సాలు." అతను శ్యామలాంబగారి వైపు తిరిగాడు. "మేడం, ఈమె ఆ రోడ్లు ఊడ్సేది గద. పొద్దుగాల అయిదింటికే క్యాంపస్‌ల ఉంటుండె, వారానికి ఆరు దినాలు. ఏ పిట్ట యాడున్నదో శనివారం నాకు చెప్పేది. ఆదివారం నేను మిమ్ముల గాడికే తోలుకపోతుంటి, ఏం తెల్వనట్టు. మీరేమో సామేలు కండ్లు కండ్లు కావు అంటుంటిరి."

శ్యామలాంబగారు రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని అమృతమ్మ వైపు తిరిగింది.

"ఆ పిట్ట సంగతి చెప్పు మేడంకు," అన్నాడు సామేలు.

అమృతమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఏమున్నది మేడమ్మ. శుక్రారం నాడు ఊడుస్తుంటే ఒక ఆకు కదిలింది. చూస్తే ఆకు గాదు, పిట్ట. కండ్లు ఇంత సన్నగ తెరిసి నన్నే చూస్తున్నది. పాపం భయపడ్తదని చుట్టూత ఊడ్సి, ఆ జాగ ఒక్కటి ఇడిసిపెట్టిన. శనారం గూడ ఇడిసిపెట్టిన. ఎవరో పెద్దసారు చూసి, ఆకులు గట్లనే పడున్నయని ఆఫీసుల చెప్పిండంట. సోమారం పోంగనే సూపర్‌వైజర్ నల్గురి ముందట నిలవెట్టి కామ్‌చోర్ అన్నడు, పనిదొంగనంట. ఇరవై ఆరేండ్ల నౌకరిల ఆ మాట పడ్డది గదొక్కదినమే."

"అక్కడ పిట్ట ఉందని చెప్పలేకపోయావా అమృతమ్మా?"

"చెప్తే అందరొచ్చి లేపుతరు గద! ఈయన ఒక్కనికే చెప్పిన. ఈయనేమో పన్నెండు మందిని తోలుకపొయ్యిండు."

అక్షర నవ్వింది. సామేలు నవ్వలేదు.

"ఆ సోమారం ఈమె ఏడ్సుకుంట ఇంటికొచ్చింది మేడం. అప్పుడన్న పోయి సార్‌కు చెప్తే అయిపోతుండె, గా ఆకులు పిట్ట కోసం ఇడిసిందని. చెప్పలే. ఆ ముందు దినమే, ఆదివారం, సార్ నా ఈపు చరిసి శెభాష్ సామేలూ అన్నడు. ఊడ్సేటామె చూపిచ్చిందంటే ఆ శెభాష్ పోతది గద. గందుకే చెప్పలే." మంచినీళ్లు తాగి మళ్లీ అన్నాడు. "సార్ ఇతరులు అని సదివినప్పుడల్ల నా కడుపు మండుతుండె. ఇంతమందిల నా పేరు లేకపాయె అని. ఇంటికొచ్చి ఈమె మీద అరుస్తుంటి. ఈమె పిట్టను నాదని చెప్పుకొని, నా పేరు రాయలేదని మళ్ల ఈమె మీదనే అరుస్తుంటి. మీరు నాకు తప్పు చేసిన్నంటున్నరు. మరి నేను?"

అమృతమ్మ ఒక చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది.

"పాత ముచ్చట్లు ఎందుకు ఇప్పుడు," అంది. కానీ ఆమె కళ్లు నిండి ఉన్నాయి, చిక్కుడుకాయ రెండోసారి ఈనె తీస్తోంది.

మళ్లీ మొదట్నుంచి చదివారు. ఈసారి సామేలు ఒక్కోదానికీ ఆగి ఆలోచించి "నాది", "ఈమెది" అన్నాడు. రెండు చోట్ల అమృతమ్మే కలగజేసుకుని, "అది నిజంగ నీదే, నాకు తెల్వదు," అని దిద్దింది. చివరికి సామేలువి ఎనభై రెండు, అమృతమ్మవి అరవై ఒకటి.

*

గురువారం, శుక్రవారం, శనివారం శ్యామలాంబగారి బాల్కనీలో అదే పని. ఎర్ర సిరా సీసా కొత్తది తెప్పించుకుంది. లైబ్రరీ రిజిస్టర్లో తప్పు దొర్లితే గోకి చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు. ఒకే గీత కొట్టాలి. కింద రాసిన తప్పు చదవటానికి వీలుండాలి. పైన సరైన మాట రాసి, పక్కన తేదీ, పొడి సంతకం. ముప్పయ్యేళ్లు ఉద్యోగంలో జూనియర్లందరికీ ఆవిడ నేర్పిన పద్ధతే ఇది. ఇప్పుడు నూట నలభై మూడు చోట్ల 'ఇతరులు' మీద స్కేలు పెట్టి గీత కొట్టింది. పైన సామేలు అనో అమృతమ్మ అనో రాసింది. మొదటి రిజిస్టరు మొదటి పేజీలో సభ్యుల పేర్లే రాయాలన్న రూలు మీద కూడా ఒక గీత కొట్టింది.

*

ఆదివారం గేటు దగ్గరికి సామేలు, అమృతమ్మ ముందే వచ్చి నిలబడ్డారు. అతను ఇస్త్రీ చొక్కా, ఆమె చర్చికి కట్టుకునే తెల్లచీర, మీద మగవాళ్ల స్వెట్టరు. సామేలు చెయ్యి అలవాటుగా టెలిస్కోపు స్టాండు మీదికి వెళ్లింది. "తాతా, అది నేను పట్టుకుంట," అని అక్షర లాగేసుకుంది.

"ఏరా సామేలూ, బాగున్నావా?" శశిభూషణ్‌గారు నిజంగానే సంతోషించారు. భుజం తట్టారు. "ఏమిట్రా, ఆ నూట నలభై మూడూ నువ్వేనట?"

"కాదు సార్. ఎనభై రెండే."

ఆయన 'చూశారా!' అన్నట్టు శ్యామలాంబగారి వైపు చూశారు.

"కడమ అరవై ఒకటి ఈమెవి సార్."

అందరూ అమృతమ్మ వైపు తిరిగారు. ఆమె అక్షర వెనక్కి జరిగింది. శశిభూషణ్‌గారు "పదండి పదండి, ఎండెక్కితే పిట్టలుండవు," అని ముందుకు నడిచారు.

ఆ రోజు పిట్టలు పెద్దగా కనపడలేదు. పాలపిట్ట ఒకటి, పికిలిపిట్టలు, మామూలు గోరువంకలు. కుంటగట్టు దగ్గర అందరూ తలలెత్తి, మర్రిచెట్టులో ఏదో కదిలిందని బైనాక్యులర్లు సర్దుకుంటున్నారు. శ్యామలాంబగారు తల వంచుకుని రాసుకుంటోంది. పక్కనుంచి అమృతమ్మ ఆవిడ మోచెయ్యి మెల్లిగా పట్టుకుంది.

"కదలకుండ్రి మేడమ్మ. గా గడ్డిల చూడండ్రి."

ఎండుగడ్డిలో ఆరడుగుల దూరంలో కౌజు పిట్టలు, ఒకటి, రెండు, నాలుగు. ఒకదాన్నొకటి ఆనుకుని మట్టిముద్దల్లా ఉన్నాయి. ఒకదాని గొంతు మాత్రం చిన్నగా ఆడుతోంది. పైకి చూస్తున్నవాళ్లలో ఒక్కరికీ కనపడలేదు. శ్యామలాంబగారికి కనపడ్డాయి. ముప్పయ్యేళ్లు రాసిన మనిషి, ఒక పిట్టని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. అమృతమ్మ వేలు చూపించలేదు. గడ్డం చిన్నగా ఎత్తింది. సామేలుకి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో శ్యామలాంబగారికి అప్పుడు తెలిసింది.

బండ మీద టీలు పోసుకున్నారు. శశిభూషణ్‌గారు రిజిస్టరు పట్టుకుని లేచారు. పాలపిట్ట, చప్పట్లు. పికిలిపిట్ట, చప్పట్లు. "కౌజు పిట్ట, కుంటగట్టు..." అక్కడ ఆగిపోయారు. "శ్యామలాంబగారూ, ఇక్కడ అమృతమ్మ అని రాశారు, ఆవిడ సభ్యురాలు కాదుగా."

"కాదండీ. మీరు ఇది కూడా చదవాలి." ఆవిడ లేచి మూడో రిజిస్టరు తెరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన అద్దాలు ముందుకు జరుపుకున్నారు. మొహం ఎర్రబడింది. "దిద్దారా! రిజిస్టరు దిద్దారా మీరు?"

"దిద్దాను. తప్పు రాసింది నేను, దిద్దింది నేను. కింద ఏముందో కూడా కనపడుతుంది, చూసుకోండి."

"నైట్‌జార్! నా నైట్‌జారా ఇది?"

సామేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాటలు గబగబా వచ్చేశాయి. "అది ఈమె చూపిచ్చిందే సార్. పిట్ట బెదురుతదని రెండు దినాలు ఆ జాగ ఊడ్వకుంట ఇడిసిపెట్టింది. ఆకులు ఊడ్వలేదని శనారం ఎవరో పెద్దసారు కంప్లైంట్ ఇస్తే, సోమారం నల్గురిల నిలవెట్టి కామ్‌చోర్ అన్నరు. నేను అబద్ధం చెప్పుకొని శెభాష్ తీసుకున్న."

శశిభూషణ్‌గారు పేజీ వైపు చూస్తూ ఉండిపోయారు. తేదీ మీద వేలు పెట్టారు. వేలు అక్కడే ఉంది. కుంటలోంచి ఏదో పిట్ట అరిచినా ఎవరూ తల తిప్పలేదు. ఆయన అద్దాలు తీసేశారు.

"ఆ పెద్దసారు నేనేనమ్మా," అన్నారు అమృతమ్మతో. గొంతు సగమైపోయింది. "ఆ ఏడు తోటల కమిటీ నాది. రేపు నడకకి అందరూ వస్తారు, దారి శుభ్రంగా లేదని శనివారం నేనే రాసిచ్చాను. ఆదివారం ఆ ఆకుల్లోనే పిట్టని చూసి ఎగిరి గంతేశాను. రెండూ ఒకటే చోటని నాకు తట్టనే లేదు."

"అయ్యో, మీరని నాకెర్కలే సార్," అంది అమృతమ్మ, తనే తప్పు చేసినట్టు.

ఆయన అద్దాలు పెట్టుకున్నారు. రిజిస్టరు రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. పాత గొంతు కూడదీసుకుని, బండ మీద అందరికీ వినపడేలా చదివారు.

"నైట్‌జార్. రెండు వేల ఒకటి జనవరి. కుంటగట్టు కింద, తంగేడు పొదల దగ్గర. చూసినవారు, అమృతమ్మ."

ముందు అక్షర కొట్టింది. తర్వాత శ్యామలాంబగారు. తర్వాత అందరూ. చప్పట్లు ఆగడం లేదు. అమృతమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. కాలికి ముల్లేదో గుచ్చుకున్నట్టు గబుక్కున చెప్పు మీదికి వంగబోయింది.

సామేలు ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"వంగకు," అన్నాడు. "నీకే కొడుతున్నరు. చూడు."